బాటచెట్ల పద్దు: నంద్యాల, ఆళ్లగడ్డ దారుల కథ

దారి పక్కన చెట్లు పెంచడానికి ప్రభుత్వ ధనం వెచ్చించడం రాయలసీమకు కొత్త కాదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలో అశోకుడు ఉమ్మడి కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండలపై చెక్కించిన శాసనాలలో ఒకటి, మనుషులకూ పశువులకూ ఉపయోగపడేలా బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించిన సంగతి చెబుతుంది. తేనెటీగ ఆ లెక్కలో లేదు, తరువాత చాలాకాలం మరే లెక్కలోనూ చేరలేదు.

మద్రాసు ప్రభుత్వం 1871లో స్థానిక నిధుల చట్టాన్నీ, 1884లో స్థానిక బోర్డుల చట్టాన్నీ తెచ్చాక దారులతోపాటు వాటి పక్క చెట్లూ బోర్డుల పాలనలోకి వచ్చాయి. చింత, వేప, కానుగ, మర్రి వంటి చెట్లను నీడ కోసం పెంచి, చింతచెట్ల ఫలసాయాన్ని వేలం వేసి రాబడి పొందడం అప్పటి పద్ధతి. పరాగ సంపర్కానికి, అంటే పుప్పొడి పువ్వు కీలాగ్రానికి చేరడానికి, ఈ ఎంపిక అనుకోకుండానే మేలు చేసింది. పొలాలు బీడుపడి ఉండే ఎండాకాలంలో పూసే కానుగ తేనెటీగలకు మేత అయింది.

1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ సామాజిక అడవుల పెంపకాన్ని సిఫారసు చేయడంతో రోడ్ల అంచులు అటవీశాఖ ప్రణాళికలలోకి ఎక్కాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద చేపట్టిన పనుల్లో కూలీల పనిదినాలూ, బతికిన మొక్కల సంఖ్యా కొలమానాలయ్యాయి గాని, ఏ మొక్క ఏ నెలలో పూస్తుందన్నది కాలేదు. 2015 హరిత రహదారుల విధానం జాతీయ రహదారి నిర్మాణ వ్యయంలో 1 శాతాన్ని మొక్కలకు కేటాయించింది. నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా పోయే ఒకప్పటి 18వ, నేటి 40వ జాతీయ రహదారిలాంటి నాలుగు వరుసల దారుల నడిమిపట్టీలో సాధారణంగా కనిపించేవి గన్నేరు, కాగితంపూలు. కాగితంపూల రంగు రేకులు నిజానికి ఆకులే. అసలు పువ్వు సన్నని గొట్టం కావడంతో చిన్న తేనెటీగకు మకరందం అందడం కష్టం.

అమెరికాలో 1987 చట్టం రహదారి సుందరీకరణ నిధుల్లో కనీసం 0.25 శాతాన్ని స్థానిక అడవిపూలకు ప్రత్యేకించగా, 2021 చట్టం రోడ్డంచులను పరాగ సంపర్క కీటకాలకు అనువుగా తీర్చడానికే గ్రాంట్లకు అనుమతి ఇచ్చింది. మన దేశంలో తేనెటీగల పద్దూ, రోడ్డు మొక్కల పద్దూ వేర్వేరు: 2020లో ప్రకటించిన 500 కోట్ల రూపాయల జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ ఒక పక్క, రోడ్డు మొక్కల నిధి మరొక పక్క. 1906 నుంచి ఉన్న నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పరిశోధించే పంటల్లో గింజ నిండడానికి తేనెటీగపై ఆధారపడే పొద్దుతిరుగుడు కూడా ఉన్నందున, ఈ ఎడం స్థానికంగా చిన్నది కాదు. ఎవరూ నాటకుండానే మెట్ట దారుల అంచున పెరిగే తంగేడు పువ్వు నుంచి తుమ్మెద రెక్కల కండరాలను కంపింపజేసి పుప్పొడి రాలుస్తుంది. అలాంటి పొదలను కొట్టివేయడానికి మాత్రం రోడ్ల నిర్వహణ అంచనాల్లో జంగిల్ క్లియరెన్స్ పేరిట విడిగా ఖర్చు చూపుతారు.