వాతావరణ శాస్త్ర సాక్ష్యం

కంపెనీల కర్బన ఉద్గారాలకూ జరిగిన నష్టానికీ ఉన్న సంబంధాన్ని శాస్త్రీయ లెక్కలతో కోర్టులో చూపించే పద్ధతి. రిచర్డ్ హీడ్ 2014 అధ్యయనం 90 భారీ శిలాజ ఇంధన, సిమెంట్ ఉత్పత్తిదారుల ఉద్గారాల వాటాను లెక్కగట్టింది. పెరూ రైతు ఒకరు జర్మనీ విద్యుత్ సంస్థ ఆర్‌డబ్ల్యూఈపై దావా వేసినప్పుడు ఈ పరిశోధననే ఆధారం చేసుకున్నాడు. 2025 మేలో జర్మనీలోని హామ్ కోర్టు దావాను కొట్టేసినా, భారీగా ఉద్గారాలు వదిలే సంస్థలు సూత్రప్రాయంగా బాధ్యత వహించాల్సి రావచ్చని అంగీకరించింది.

సూర్యాపేట జిల్లా గరిడేపల్లి ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ మిర్యాలగూడ వైపున్న 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాని పర్యావరణ అనుమతిని నిలిపివేసి, అదనపు అధ్యయనాలు కోరింది. ఇది నష్టపరిహారం కేసు కాదు. అయినా శాస్త్రీయ అంచనాల్లోని లోపం ప్రాజెక్టు అనుమతినే ఆపగలదని చాటింది.

2024లో సుప్రీంకోర్టు వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణను 14, 21 అధికరణల కింద హక్కుగా గుర్తించింది. గరిడేపల్లి వైపున్న నాగార్జునసాగర్ ఎడమ కాలువ రైతులకూ ఆ హక్కు వర్తిస్తుంది.