కుక్కల దగ్గు: వైరస్‌కు కావాల్సింది గుంపు

పండక్కి ఊరెళ్తూ కుక్కను బోర్డింగ్‌లో వదులుతాం. ఇంటికి తెచ్చుకున్న మూడో రోజో నాలుగో రోజో అది గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు దగ్గడం మొదలుపెడుతుంది. దగ్గి దగ్గి చివర్లో నురగ కక్కుతుంది. ఎముక అడ్డుపడిందేమోనని కంగారుపడతాం. చాలాసార్లు అది ‘కెన్నెల్ కాఫ్’.

ఇది ఒక్క క్రిమి తెచ్చే జబ్బు కాదు. పారాఇన్‌ఫ్లూయెంజా, అడినోవైరస్-2, కుక్కల శ్వాసకోశ కరోనా వైరస్ (కొవిడ్‌ది వేరు), బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, ఇవి ఒంటరిగానో జట్టుగానో వస్తాయి. శ్వాసనాళం లోపలి పొరను వైరస్ దెబ్బతీస్తే బ్యాక్టీరియాకు దారి దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలు సాధారణంగా వారం, రెండు వారాల్లో కోలుకుంటాయి. పిల్లలకు, ముసలివాటికి, పగ్ లాంటి చప్పిముక్కు జాతులకు న్యుమోనియా భయం ఎక్కువ.

ఫ్లూ కథ వేరు. 2004 జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక రేస్‌ ట్రాక్‌ వద్ద 22 గ్రేహౌండ్‌లు జబ్బుపడితే 8 చనిపోయాయి. కారణం గుర్రాల్లో 1963 నుంచి తెలిసిన హెచ్3ఎన్8 వైరస్. గుర్రం నుంచి కుక్కకు దూకి, అక్కడే స్థిరపడింది. హెచ్3ఎన్2 అనే మరో రకం పక్షుల నుంచి వచ్చింది. 2000ల మధ్యలో చైనా, దక్షిణ కొరియాల్లో కనిపించింది. 2015లో షికాగో ప్రాంతంలో వెయ్యికి పైగా కుక్కలను మంచాన పడేసింది.

ఆశ్చర్యం ఏంటంటే, హెచ్3ఎన్8 ఆ తర్వాత దాదాపు కనుమరుగైంది. ఇంట్లో పెరిగే కుక్క రోజూ కలిసే కుక్కలు ఎన్ని? రెండో మూడో. అంత కొద్ది పరిచయాలతో వైరస్ గొలుసు తెగిపోతుంది. కొత్త కుక్కలు నిత్యం వచ్చిపోయే పెద్ద షెల్టర్లే దాన్ని కొన్నేళ్లు బతికించాయి. అమెరికాలో హెచ్3ఎన్2 కూడా ఇలాగే చల్లారుతూ, ఆసియా నుంచి దత్తతకు తెచ్చిన కుక్కలతో మళ్లీ అడుగుపెడుతూ వచ్చింది. మంచి మనసుతో చేసిన పనే వైరస్‌కు విమానం టికెట్టు కొనిచ్చిందన్నమాట.

మన దేశంలో గుంపుకు కొదవ లేదు. 2019 పశుగణన ప్రకారం వీధికుక్కలే 1.53 కోట్లు. అందుకే ఇక్కడ ముందు భయపడాల్సింది ఫ్లూకి కాదు, డిస్టెంపర్‌కి. ముక్కు, కళ్ల నుంచి చీముతో మొదలై ఊపిరితిత్తులకు, తర్వాత నరాలకు పాకుతుంది. బతికినా కొన్నింటికి జీవితాంతం కండరాల అదురు మిగిలిపోతుంది. వీధుల్లో టీకా లేని పిల్లలు ఏడాది పొడవునా పుడుతూనే ఉంటాయి కాబట్టి ఈ వైరస్‌కు మేత తరగదు. అది కుక్కలతోనూ ఆగదు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో వారాల వ్యవధిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కొన్నింటిలో దొరికింది ఈ వైరసే. మిగతా సింహాల కోసం అమెరికా నుంచి టీకాలు తెప్పించాల్సి వచ్చింది.

టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. ‘నైన్ ఇన్ వన్’ లాంటి టీకాల్లో డిస్టెంపర్, అడినోవైరస్, పారాఇన్‌ఫ్లూయెంజాలకు రక్షణ ఉంటుంది. ఫ్లూకి ఉండదు. బోర్డెటెల్లాది విడిగా వేయించాలి. పిల్లలకు ఒక్క డోసుతో సరిపెట్టకూడదు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు కాబట్టి 16 వారాల వయసు వరకు విడతలుగా వేస్తారు.

దగ్గే కుక్కను పార్కుకు తీసుకెళ్లకపోవడం అన్నిటికన్నా చవకైన వైద్యం. కానీ ఫ్లూలో లక్షణాలు కనపడకముందే వైరస్ బయటకు వస్తుంది. హెచ్3ఎన్2 అయితే మూడు వారాలు దాటినా రావచ్చు. అందుకే నాలుగు వారాలు విడిగా ఉంచమంటారు. నీళ్ల గిన్నెలు, బొమ్మల మీద అది 48 గంటల వరకు, బట్టల మీద 24 గంటల వరకు బతకగలదు. అంటే కుక్కలు కలవకపోయినా, చూసుకునే మనిషి చొక్కా కలిపేయగలదు. కుక్కల ఫ్లూ మనుషులకు సోకినట్టు మాత్రం ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి దగ్గు సంగతి చెప్పండి. పిలిచేదాకా కుక్కను బయటే, వీలైతే బండిలోనే ఉంచండి. లోపల బెంచీ మీద ఎవరి ఒళ్లోనో మొదటి టీకాకు వచ్చిన పిల్ల ఉండొచ్చు.