వాతావరణం బాగాలేనప్పుడు

నేను పార్ట్‌టైం లెక్చరర్‌గా పనిచేసే కాలేజీలో ఆమధ్య యూనియన్ మీటింగ్ జరిగింది. యాజమాన్యంతో చర్చలకు వెళ్ళేముందు డిమాండ్ల జాబితా చదివారు. అందులో ప్రసూతి సెలవు ఊసే లేదు. లేచి అడిగాను. "ముందు అందరి సమస్యా తేలనీయమ్మా, ఆడవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు కార్యదర్శిగారు. ఆయన చెడ్డమనిషేం కాదు. మా జీతాల కోసం నిజంగానే కొట్లాడినవాడు. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది. "అందరూ" అనే మాటలో నేను లేనన్నమాట!

ఈ "అందరూ" ఎవరు? ఆ ప్రశ్న పట్టుకుని కార్మిక సంఘాల చరిత్ర చదువుతూ పోతే అమెరికా పైలట్ల దగ్గర ఆగిపోయాను.

1919 జులై. న్యూయార్క్ దగ్గర బెల్మాంట్ పార్క్‌లో పొగమంచు కమ్మింది. ప్రభుత్వ టపా విమానాలు నడిపే పైలట్లలో ఇద్దరు ఎగరమన్నారు. తపాలా శాఖ వాళ్ళిద్దరినీ ఉద్యోగంలోంచి తీసేసింది. తోటి పైలట్లు పని ఆపేశారు. టపా వేళకి చేరాలని నేలమీద కూర్చున్న అధికారి అంటాడు. పొగమంచులో దారి తప్పితే పోయేది మాత్రం పైలట్ ప్రాణం. బయల్దేరాలో వద్దో ఎవరు చెప్పాలి? పైలట్లకీ యాజమాన్యానికీ మధ్య నమ్మకం అంటే అసలు ఇదే. "వెళ్ళను" అన్నవాణ్ణి పిరికివాడనో పనిదొంగ అనో అనుకోకుండా, ఆ మాటను విలువైన సమాచారంగా వినగలగడం. ఆ వినడం దానంతట అది రాదు. వెనక సంఘం ఉంటేనే వస్తుంది. 1931లో డేవిడ్ బెన్కీ నాయకత్వంలో ఎయిర్‌లైన్ పైలట్స్ అసోసియేషన్ ఏర్పడింది. 1934కల్లా నెలకి 85 గంటలకు మించి విమానం నడపనక్కర్లేదన్న నిర్ణయాన్ని ప్రభుత్వ కార్మిక బోర్డు నుంచి సాధించుకుంది. గొప్ప విజయమే.

అదే 1934 డిసెంబర్ చివరి రోజున సెంట్రల్ ఎయిర్‌లైన్స్ విమానంలో వాషింగ్టన్ నుంచి డెట్రాయిట్‌కి ఒక కొత్త పైలట్ బయల్దేరింది. పేరు హెలెన్ రిచీ. వయసు 25. అంతకు ఏడాది ముందే ఫ్రాన్సిస్ మార్సాలిస్‌తో కలిసి, గాలిలోనే ఇంధనం నింపుకుంటూ మయామీ మీద దాదాపు పది రోజులు కిందికి దిగకుండా ఎగిరిన మనిషి. కంపెనీ ఆమెను ప్రచారానికి బాగానే వాడుకుంది. పైలట్ల సంఘం మాత్రం సభ్యత్వం ఇవ్వలేదు. వాతావరణం బాగున్నప్పుడే ఆమెను ఎగరనివ్వాలని వాణిజ్యశాఖ కంపెనీకి సూచించింది. పది నెలల్లో ఆమెకు దక్కినవి పన్నెండో పదమూడో రానుపోను ప్రయాణాలు. 1935లో రాజీనామా చేసింది. అమీలియా ఇయర్‌హార్ట్ లాంటివాళ్ళు గొంతెత్తినా ఆమె కోసం ఏ పైలట్లూ పని ఆపలేదు.

నన్ను నిలబెట్టేసింది ఆ వాతావరణమే. మబ్బు పట్టినప్పుడు ఎగరనని చెప్పడం మగ పైలట్‌కి పోరాడి గెలుచుకున్న హక్కు. అదే మబ్బు రిచీకి నిషేధమైంది. మొదటిదాంట్లో నిర్ణయం పైలట్‌ది. రెండోదాంట్లో ఆమె తరఫున ఇంకెవరో నిర్ణయించేశారు. ఆ తేడా తెలియాల్సింది ఎవరికి? అధికారుల మాటకు ఎదురుతిరిగి పుట్టిన ఆ సంఘానికే కదా! మాంద్యం రోజులు, ఉద్యోగాలు తక్కువ, పోటీకి ఆడవాళ్ళు కూడానా అన్న భయం ఉండే ఉంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఒక్క విషయంలో మాత్రం సంఘమూ ప్రభుత్వమూ ఒకవైపే నిలబడ్డాయి. ఆడది బయట ఉండటం మీద కుదిరే నమ్మకం ఎవరి నమ్మకం?

1973లో ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్‌లో చేరిన ఎమిలీ హోవెల్ వార్నర్ 1974లో ఆ సంఘంలో మొదటి మహిళా సభ్యురాలైంది. ఆ వార్త వినడానికి రిచీ లేదు. 1947లోనే, 37 ఏళ్ళకే చనిపోయింది.

ఇదంతా అమెరికా గొడవ అని పక్కన పెట్టలేను. దాదాపు ఆ సమయానికే, 1940ల చివర్లో, మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్ ప్రేమ్ మాథుర్‌ను పైలట్‌గా తీసుకుంది. అంతకుముందు ఎన్నో కంపెనీలు కాదన్నాయి. ఇక్కడ ఉద్యోగం దొరికింది కానీ కో-పైలట్ సీటు దాటనివ్వలేదు. విమానం పూర్తిగా ఆమె చేతికి రాలేదు. బేగంపేట మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకామె గుర్తొస్తుంది.

యూనియన్లు వద్దని నేననడం లేదు. రిచీ అడిగింది కూడా అదే, నన్నూ చేర్చుకోండని. సంఘం లేనివాళ్ళ "వెళ్ళను"కి విలువ ఉండదని ఆమెకంటే ఎవరికి తెలుసు? ప్రాతినిధ్యం అంటే బల్లకి అటువైపు కూర్చున్న యాజమాన్యంతో మాట్లాడటం ఒక్కటే కాదు. ఇటువైపు ఎవరెవరు కూర్చున్నారో ఒకసారి తిరిగి చూసుకోవడం కూడా.

వచ్చే నెల మళ్ళీ మీటింగ్ ఉంది. ఈసారి జాబితా చదివేదాకా ఆగను. ప్రసూతి సెలవు మాట కాగితం మీద రాసుకుని, మరో ఆరుగురు లెక్చరర్ల సంతకాలతో ముందే వెళ్తున్నాను. ఆ ఆరుగురిలో ఇద్దరు మగవాళ్ళు.