పావులూరి లెక్కల్లో చేలూ ఆకారాలూ

మీ జిల్లాల్లో బడులెన్ని, పిల్లలేం చదువుతున్నారో రాసి పంపమని 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లను అడిగాడు. మరుసటేడు రాజమండ్రి నుంచి వెళ్లిన జవాబులో 291 బడుల లెక్క ఉంది. ఇవాళ నర్సరీలకు పేరుపడ్డ కడియం కూడా ఆ జిల్లాలోదే. జవాబుతోపాటు తెలుగు బడుల్లో చదివించే 43 పుస్తకాల జాబితా వెళ్లింది. సుమతీ శతకం, వసుచరిత్ర, గజేంద్రమోక్షం వగైరాల నడుమ అందులో పావులూరి గణితం కనిపిస్తుంది.

అప్పటికే అది వందల ఏళ్ల నాటి పుస్తకం. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలోని క్షేత్రగణితం చదవడానికే సరదాగా ఉంటుంది. త్రిభుజం, చతుర్భుజం, వృత్తంతో మహావీరుడు ఆగలేదు. యవల గింజ, మద్దెల, శంఖం, ఏనుగు దంతం, నెలవంక... వీటి ఆకారంలో ఉన్న నేలకూ వైశాల్యం కట్టాడు. చాలావాటికి రెండు దారులు చెప్పాడు: పని జరిగిపోయే ఉజ్జాయింపు ఒకటి, సూక్ష్మంగా తేల్చేది ఇంకొకటి.

నాలుగు గట్ల చేనుకు ఆయన చెప్పిన ఉజ్జాయింపు చూడండి. ఎదురెదురు గట్ల పొడవులు కూడి సగం చేయాలి. అలా వచ్చిన రెండింటినీ హెచ్చవేయాలి. మూలలు సరిగ్గా కుదిరిన మడికి ఇది అక్షరాలా నిజం. అదే ఎదురెదురుగా 12, 8 బారల సమాంతర గట్లూ, పక్కన చెరో 10 బారల గట్లూ ఉంటే లెక్క 100 చదరపు బారలు చూపిస్తుంది. ఉన్నది 98కి కాస్త తక్కువే. గట్లు వంకరపోయిన కొద్దీ తేడా పెరుగుతుంది, అదీ ఎప్పుడూ ఎక్కువవైపే. శిస్తు కట్టే రైతుకు ఇదేమంత ముచ్చటైన సంగతి కాదు.

మన్రో కాలపు వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు, ఎక్కాలు వల్లించేవారు. బంతి, ఘనం, స్తూపం లాంటి కొయ్య వస్తువులు పసివాళ్ల చేతికిచ్చి ఆకారాలు నేర్పే పద్ధతిని జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త మొదలుపెట్టింది ఆ తర్వాత, 1837లో. మన వీధిబడుల్లో చాలా అరుదుగా కనిపించిన ఆడపిల్లలు మాత్రం ఇంటిముందు చుక్కలు పెట్టి చతురస్రాలూ వజ్రాలూ గీస్తూనే ఉన్నారు. దాన్నెవరూ గణితం పద్దులో రాయలేదు.

ఇవాళ కడియం నర్సరీల్లో మొక్కల్ని గోళాలుగా, శంకువులుగా కత్తిరిస్తారు. పండగ రోజుల్లో వేల మొక్కలు పేర్చి బొమ్మలు తీరుస్తారు. నేలను సెంట్లలో లెక్కగడతారు. అక్కడి ఐదో తరగతికి వైశాల్యం చెప్పడానికి పక్కనున్న నర్సరీ మడి చాలు. మద్దెల ఆకారపు చేను దొరకడమే కష్టం.