పిల్లల్లో తగ్గని రక్త విరేచనాలు: ప్రతిసారీ పేచిష్ కాకపోవచ్చు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మన ఇళ్లలో పిల్లలకు జిగట, రక్తం కలిసిన విరేచనాలైతే ‘పేచిష్’ అంటారు. ఎక్కువసార్లు ఆ మాట సరిపోతుంది కూడా. అమీబా వల్లో, బాక్టీరియా వల్లో వచ్చే విరేచనాలు మందు పడితే వారం పది రోజుల్లో కట్టుకుంటాయి. కానీ నెల దాటినా తగ్గకపోతే, తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైతే, పిల్లవాడు రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తుతుంటే, క్లాసులో అందరికంటే పొట్టిగా ఉండిపోతే అది వేరే జబ్బు కావచ్చు. దాని పేరు ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, పొట్టిగా ఐబీడీ. తెలుగులో పేగుల వాపు జబ్బు అనుకోవచ్చు. టెన్షన్ వల్ల కడుపు పట్టేసే ఐబీఎస్ వేరు, ఇది వేరు. ఐబీఎస్‌లో పేగుకు పుండ్లు పడవు, రక్తం రాదు, పిల్లల ఎదుగుదల ఆగదు.

ఐబీడీలో రెండు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకే పరిమితం. క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మొత్తాన్నీ పట్టుకుంటుంది. 1932లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రికి చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు డాక్టర్లు 14 మంది రోగుల వివరాలు ప్రచురించాక ఆ పేరు స్థిరపడింది. రెండింటిలోనూ జరిగేది ఒకటే: శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి, పేగులో ఎప్పుడూ ఉండే బాక్టీరియా మీద ఆగకుండా యుద్ధం చేస్తుంది. ఆ యుద్ధంలో పుండు పడేది పేగుకే. ఇది అంటుకునే జబ్బు కాదు. నజర్ తగిలి వచ్చేదీ కాదు. దువా చేయించుకోవడం ఎవరి ఇష్టం వాళ్లది, కానీ తావీజ్ కట్టి ఆరు నెలలు ఆగితే ఆ ఆరు నెలల ఎదుగుదల పోయినట్టే.

ఐబీడీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మందికి ఇరవై ఏళ్లలోపే జబ్బు మొదలవుతుంది. పిల్లల్లో ఇది పెద్దవాళ్లలో కంటే ఎక్కువ భాగం పేగును పట్టుకుంటుంది. క్రోన్స్ ఉన్న కొందరు పిల్లలకు విరేచనాలే ఉండవు. సన్నబడిపోవడం, రక్తం తక్కువ కావడం, నోటిలో మాటిమాటికీ పుండ్లు, కీళ్ల నొప్పులు, పదిహేనేళ్లు వచ్చినా యౌవన లక్షణాలు రాకపోవడం, ఇవే కనిపిస్తాయి. మలద్వారం పక్కన గడ్డ లేచి చీము కారుతుంటే ఇంట్లో ‘బవాసీర్’ అనుకుని మొలల వైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. పిల్లలకు మొలలు రావడం చాలా అరుదు. ఆ వయసులో అక్కడ చీము కారే రంధ్రం ఉంటే క్రోన్స్ ఉందేమో చూడకుండా ఇంజెక్షన్లు వేయించడం, కోయించడం పెద్ద పొరపాటు.

ఒకప్పుడు ఇది తెల్లవాళ్ల జబ్బు, డబ్బున్న దేశాల జబ్బు అనేవారు. ఆ మాట ఇప్పుడు చెల్లదు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ రూపా బెనర్జీ బృందం పల్లెల్లోనూ పట్నంలోనూ పేగు సంబంధ బాధలున్న 30,000 మందికి పైగా రోగులను పరీక్షించి, 2023లో లాన్సెట్ ఆగ్నేయాసియా పత్రికలో ఫలితాలు ఇచ్చింది. అలాంటి బాధలతో వచ్చినవారిలో నూటికి సుమారు ఐదుగురికి ఐబీడీ తేలింది. పల్లెకూ పట్నానికీ పెద్ద తేడా లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2007లో వచ్చిన అధ్యయనం ఇంకా ముందే హెచ్చరించింది: అక్కడ స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాల పిల్లల్లో ఈ జబ్బు మిగతా పిల్లల కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ. జన్యువులు ఒక తరంలో మారవు. మారింది తిండి, పరిసరాలు, మందుల వాడకం. పసితనంలో ఎక్కువ యాంటీబయాటిక్స్ వాడిన పిల్లల్లో తర్వాత ఐబీడీ కాస్త ఎక్కువగా కనిపించిందని బ్రిటన్, డెన్మార్క్ రికార్డులు చూసినవారు చెప్పారు. అదే కారణమని దాంతో రుజువు కాలేదు గానీ, ప్రతి విరేచనానికీ మెడికల్ షాపులో అడిగి గోళీ వేసే అలవాటు మానడానికి ఆ మాత్రం సంకేతం చాలు.

మన ప్రాంతంలో అసలు చిక్కుముడి టీబీ. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటే టీబీ కూడా పడుతుంది, క్రోన్స్ కూడా పడుతుంది. రెండింటిలోనూ జ్వరం, బరువు తగ్గడం, కడుపునొప్పి ఉంటాయి. ముక్క తీసి మైక్రోస్కోప్‌లో చూసినా రెండింటిలో ఒకేలాంటి కణాల గుంపులు కనబడవచ్చు. బయాప్సీ ముక్కలో టీబీ క్రిమి చాలామందిలో దొరకనే దొరకదు.

మదనపల్లెకు ఈ సంగతి కొత్త కాదు. ఊరి పక్కనే ఉన్న ఆరోగ్యవరం శానిటోరియాన్ని 1910లలో డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నడిపించారు. దక్షిణ దేశమంతటి నుంచి క్షయ రోగులు అక్కడికి వచ్చేవారు. 1948లో భారతదేశంలో బీసీజీ టీకా మొదలైనప్పుడు తొలి ప్రయోగ కేంద్రం కూడా మదనపల్లే. అంత చరిత్ర ఉన్న చోట పేగు పుండు చూడగానే డాక్టరుకు టీబీ గుర్తుకు రావడంలో తప్పులేదు. తప్పు ఆ తర్వాత జరుగుతుంది. టీబీ మందులు మొదలుపెట్టి, మళ్లీ చూడకుండా ఆరు నెలలు, తొమ్మిది నెలలు లాగించడంలో.

ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు ఇక్కడే పనికొచ్చే విషయం చెప్పారు. క్రోన్స్ ఉన్నవాళ్లకు టీబీ మందులు ఇచ్చినా కొందరికి కాస్త బాగున్నట్టే అనిపిస్తుంది, ఆకలి వేస్తుంది, జ్వరం తగ్గుతుంది. కానీ పేగు లోపల పుండు మానదు. నిజంగా టీబీ అయితే రెండు మూడు నెలలకే పుండు మానడం మొదలవుతుంది. అందుకే అనుమానంతో టీబీ మందులు మొదలుపెడితే రెండు మూడు నెలల్లో మళ్లీ కొలనోస్కోపీ చేసి చూడాలి. పిల్లవాడికి మళ్లీ మత్తు ఇస్తారా అని తల్లిదండ్రులు వెనకాడతారు. కానీ 2020లో వచ్చిన అదే సంస్థ అధ్యయనంలో, అనవసరంగా టీబీ మందులు వాడిన క్రోన్స్ రోగుల్లో పేగు ఇరుకైపోవడం ఎక్కువగా కనబడింది. ఇరుకైన పేగును కోయాల్సి రావచ్చు. దేశంలోని పలు పిల్లల జీర్ణకోశ కేంద్రాలు కలిసి చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో కూడా క్రోన్స్ పిల్లల్లో చెప్పుకోదగ్గ భాగం అప్పటికే టీబీ మందులు తిని ఉన్నారు.

తిరగేస్తే ప్రమాదం ఇంకా పెద్దది. టీబీ ఉన్న పిల్లవాడికి క్రోన్స్ అనుకుని ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే టీబీ ఒళ్లంతా పాకుతుంది. అందుకే ఆ మందుకు ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్షలు తప్పనిసరి. ఇంట్లో నానాకో, దాదీకో టీబీ వచ్చి తగ్గి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

పరీక్షల్లో తేలికైనది ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్. మలం నమూనా ఇస్తే చాలు, సూది అక్కర్లేదు. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే పేగులో వాపు ఉండే అవకాశం తక్కువ. 250 దాటితే గట్టిగా అనుమానించాలి. నాలుగేళ్ల లోపు పిల్లల్లో మామూలుగానే అంకె ఎక్కువ ఉంటుంది, మామూలు ఇన్‌ఫెక్షన్‌లో కూడా పెరుగుతుంది. కాబట్టి రిపోర్టు చూసి ఇంట్లోనే తీర్పు చెప్పుకోకూడదు. జబ్బు ఖాయం చేసేది పైనుంచి, కింది నుంచి చేసే ఎండోస్కోపీలు, బయాప్సీ. కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పిల్లల జీర్ణకోశ నిపుణుల కోసం వేలూరు సీఎంసీ, బెంగళూరు వైపు వెళ్తారు. వేలూరుకు పేగు జబ్బుల మీద పరిశోధనలో పాత పేరు. 1960లలో ఉత్తర ఆర్కాటు పల్లెల్లో స్ప్రూ అనే విరేచనాల జబ్బు ప్రబలినప్పుడు సెల్విన్ బేకర్, వి.ఐ. మథాన్ ఊళ్లు తిరిగి దాన్ని పరిశీలించింది అక్కడి నుంచే.

చికిత్స విషయంలో పిల్లలకు, పెద్దలకు ఒక పెద్ద తేడా ఉంది. స్టెరాయిడ్ గోళీలు త్వరగా పనిచేస్తాయి, కానీ ఎక్కువ కాలం వాడితే ఎత్తు పెరగడం ఆగుతుంది, ఎముకలు బలహీనమవుతాయి. క్రోన్స్ పిల్లలకు అందుకే మొదట ఆహార చికిత్స ఇవ్వమని యూరప్ నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు అన్నం, రొట్టె ఏదీ లేకుండా ప్రత్యేకంగా తయారు చేసిన పోషక పాలపొడి మాత్రమే తాగించాలి. పదిమందిలో సుమారు ఎనిమిది మందికి జబ్బు శాంతిస్తుంది, పేగు పుండూ మానుతుంది. ఇది అల్సరేటివ్ కొలైటిస్‌కు పనిచేయదు. పుంగనూరు ఆవు పాలు ఎంత మంచివైనా ఆ పొడికి బదులు కావు. ఇంట్లో బిర్యానీ వాసన వస్తుంటే పదేళ్ల పిల్లవాడు గ్లాసు పట్టుకుని కూర్చోవడం మాటలు కాదు. ఆ రెండు నెలలు దావత్‌లు తగ్గించుకోవడం ఇంటిల్లిపాది పని. 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సగం పొడి, సగం కొన్ని ఎంచిన పదార్థాలు, అంటే చికెన్, గుడ్డు, బంగాళదుంప, అరటి లాంటివి ఇచ్చినా మంచి ఫలితం వచ్చింది, పిల్లలూ దాన్ని తేలిగ్గా పాటించారు. డైటీషియన్ చెప్పకుండా సొంతంగా చేసేది మాత్రం కాదు.

అమెరికా, కెనడాల్లో 28 చోట్ల 913 మంది క్రోన్స్ పిల్లలను గమనించిన రిస్క్ అధ్యయనం 2017లో వచ్చింది. దానికి అట్లాంటాలోని సుబ్రా కుగదాసన్ ముందు నిలిచారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ జాతి మందులు తొందరగా మొదలుపెట్టిన పిల్లల్లో పేగుకు రంధ్రాలు పడే చిక్కులు తగ్గాయి. ఇరుకు పడటం మాత్రం తగ్గలేదు. ఈ మందుకు ఇప్పుడు మన దేశంలో తయారయ్యే చవక రకాలు ఉన్నాయి, అయినా మామూలు ఇంటికి భారమే. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి ఏది వర్తిస్తుందో ముందే తెలుసుకోవాలి.

ఆరేళ్ల లోపే, ముఖ్యంగా ఏడాది నిండకముందే జబ్బు మొదలైతే లెక్క వేరు. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో గ్లోకర్ బృందం రక్తసంబంధ వివాహాలు జరిగిన రెండు కుటుంబాల పిల్లల్లో ఐఎల్-10 గ్రాహకం అనే ఒకే జన్యువు చెడటం వల్ల ఈ జబ్బు వచ్చిందని చూపింది. వారిలో ఒక బిడ్డ మూలకణ మార్పిడితో కోలుకుంది. చాచా, మామూ పిల్లల మధ్య నికాహ్ అయినా, మేనరికం అయినా, ఇద్దరిలోనూ ఒకే చెడ్డ జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. అలా ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. దీనర్థం దగ్గరి పెళ్లిళ్లన్నీ ఇలాగే అవుతాయని కాదు, పెద్ద పిల్లల్లో వచ్చే ఐబీడీ చాలావరకు ఒక్క జన్యువు వల్ల రాదు. అయితే పసిబిడ్డకు మలద్వారం చుట్టూ పుండ్లు, బీసీజీ వేసిన చోట నెలల తరబడి చీము, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు ఉంటే జన్యు పరీక్ష అడగాలి. తల్లిని నిందించడానికి కాదు. మందు మారిపోతుంది కాబట్టి, తర్వాతి బిడ్డ గురించి ముందే తెలుస్తుంది కాబట్టి.

రంజాన్ సంగతి ప్రతి ఇంట్లోనూ వస్తుంది. 2008లో ఇరాన్ డాక్టర్లు జబ్బు శాంతంగా ఉన్న 60 మంది రోగులను చూసి, ఉపవాసంతో పెద్ద హాని కనిపించలేదన్నారు. దాన్ని ఎదిగే పిల్లలకు అంటగట్టకూడదు. యుక్తవయసు రాని పిల్లలకు రోజా ఫర్జ్ కాదు, రోగికి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. జబ్బు రేగి ఉన్నప్పుడు, ఆహార చికిత్స నడుస్తున్నప్పుడు, స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు రోజా వద్దు. పూర్తిగా శాంతించిన పద్దెనిమిదేళ్ల కుర్రాడైతే డాక్టరును అడిగి, రోజుకు ఒక్కసారి వేసే మెసలమిన్ గోళీని సహరీకో ఇఫ్తార్‌కో మార్చుకోవచ్చు. గోళీ క్యాప్సూల్ పైతొడుగు గురించి అనుమానం ఉంటే బిళ్ల రూపంలో దొరుకుతుందా అని అడగాలి. సొంతంగా మందు ఆపడం జబ్బును మళ్లీ పిలిచినట్టే.

అజథయోప్రిన్ గోళీ రాసినప్పుడు ఒక పరీక్ష అడగడం మర్చిపోవద్దు. హైదరాబాద్‌లో 1,014 మంది ఐబీడీ రోగుల మీద జరిగిన అధ్యయనం 2020లో వచ్చింది. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్లకు ఈ మందు వల్ల తెల్లరక్త కణాలు పడిపోతాయని, మన దేశంలో పాత టీపీఎంటీ పరీక్ష కంటే ఇదే బాగా ముందుగా చెబుతుందని అందులో తేలింది. మందు మొదలైన తొలి వారాల్లో రక్త పరీక్షలు తప్పకుండా చేయించాలి. అలాగే ఈ మందులకు ముందే పిల్లల టీకాల కార్డు తీసుకుపోవాలి. తట్టు, ఆటలమ్మ టీకాలు బతికున్న క్రిములతో చేసినవి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలయ్యాక వాటిని వేయరు.