పసుపు మీటల వెనక బాండ్ల బజారు

మార్కెట్ వివరాలు చూపించే బ్లూమ్‌బర్గ్ టెర్మినల్ అనే యంత్రం కీబోర్డు పైవరసలో పసుపు మీటలుంటాయి. ఎడమ నుంచి చూస్తే మొదటిది ప్రభుత్వ బాండ్లకు. తర్వాత కంపెనీల బాండ్లు, ఇళ్ల తనఖా అప్పుల మీద పుట్టిన బాండ్లు, స్వల్పకాలిక రుణాలు, మునిసిపల్ బాండ్లు, ప్రిఫరెన్స్ షేర్లు. మార్కెట్ అనగానే మనకు తట్టే మామూలు షేర్ల వంతు ఏడోది. ఆ వరస నాకు పాత శాసనంలా కనిపిస్తుంది. ఈ యంత్రం ఎవరి అవసరం కోసం పుట్టిందో అందులోనే ఉంది.

షేర్ల ధరలు తెలుసుకునే దారి న్యూయార్క్‌లో ఎప్పుడో పడింది. 1867లో ఎడ్వర్డ్ కలహన్ తయారుచేసిన టిక్కర్ యంత్రం, టెలిగ్రాఫ్ తీగల మీద వచ్చిన ధరల్ని సన్నటి కాగితం పట్టీ మీద టకటకా అచ్చు వేసేది. 1960 నాటికి షేర్ల ధరలు చెప్పే క్వోట్రాన్ యంత్రాలు బ్రోకర్ల బల్లల మీదికొచ్చాయి. బాండ్ల సంగతి వేరు. వాటి బేరాలు ఎక్కువగా డీలర్ల మధ్య ఫోన్లలోనే నడిచేవి. అమ్మేవాడు చెప్పిందే ధర. అది న్యాయమైనదో కాదో తేల్చుకోవాలంటే కొనేవాడు లెక్కలతో కుస్తీ పట్టాలి.

పైగా కాలం అలాంటిది. అమెరికాలో ధరల పెరుగుదలను అణచడానికి వడ్డీ రేట్లను విపరీతంగా పెంచారు. 1981లో పదేళ్ల ప్రభుత్వ బాండ్ల రాబడి 15 శాతం దాటింది. రాబడి పెరిగితే బాండు ధర పడుతుంది, తగ్గితే లేస్తుంది. అంత ఊగిసలాటలో నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు.

సరిగ్గా ఆ ఏడాదే వాల్‌స్ట్రీట్‌లోని సాలమన్ బ్రదర్స్ సంస్థ, సరుకుల వ్యాపారం చేసే ఫిబ్రో చేతికి వెళ్లింది. అక్కడ షేర్ల వ్యాపారం నడిపి, ఆ తర్వాత కంప్యూటర్ విభాగం చూసిన 39 ఏళ్ల మైఖేల్ బ్లూమ్‌బర్గ్ ఉద్యోగం పోయింది. తన వాటా కింద చేతికొచ్చిన కోటి డాలర్ల అండతో, ఈ టెర్మినల్ తయారుచేసిన కొత్త సంస్థ పెట్టాడు. థామస్ సెకండా, డంకన్ మెక్‌మిలన్, చార్లెస్ జెగార్ అతనితో కలిశారు. తొలి ఖాతాదారు మెరిల్ లించ్. ఆ సంస్థే తర్వాత 3 కోట్ల డాలర్లిచ్చి 30 శాతం వాటా కొన్నది.

ధర చూపించడం ఒక్కటే అయితే టెర్మినల్ ఇంత దూరం వచ్చేది కాదు. ధర పక్కనే లెక్క కట్టిపెట్టడం, రెండు బాండ్లను పోల్చి చూపించడం దీని అసలు బలం. అప్పటిదాకా పెద్ద డీలర్ల గుప్పిట్లో ఉన్న లెక్క అవతలివాడి బల్ల మీదికీ వచ్చింది. వాల్‌స్ట్రీట్ చరిత్రలో నేను గొప్ప మార్పుగా లెక్కించేవాటిలో ఇదొకటి.

కంప్యూటర్ అలవాటు లేని ట్రేడర్ల కోసమే మీటలకు రంగులు, పేర్లు పెట్టారు. పద్ధతి నేటికీ పెద్దగా మారలేదు. ఐబీఎం యూఎస్ అని కొట్టి, ఈక్విటీ అనే పసుపు మీట నొక్కి, డీఈఎస్ అని టైపు చేసి, ఆకుపచ్చ ‘గో’ నొక్కితే కంపెనీ పరిచయం తెర మీదికొస్తుంది. డీఈఎస్ బదులు జీపీ అంటే ధరల గ్రాఫ్. ఏది, ఏ బజారు, ఏం కావాలి, గో. ఈ వరస పట్టుబడితే సగం పని నేర్చినట్టే.

దీని మీద మార్కెట్లు ఎంతగా ఆధారపడ్డాయో 2015 ఏప్రిల్ 17న తేలింది. ఆ రోజు టెర్మినళ్లు కొన్ని గంటలు మొరాయిస్తే, బ్రిటన్ ప్రభుత్వం 300 కోట్ల పౌండ్ల ట్రెజరీ బిల్లుల అమ్మకాన్నే వాయిదా వేసుకుంది. ఒకే సంస్థ మీద ఇంత భారం మంచిది కాదని నా అభిప్రాయం. ఏడాది చందా 20,000 డాలర్లకు పైమాటే కాబట్టి చిన్న మదుపరికి ఇది ఇప్పటికీ అందని మాని పండే.

అయితే చాలా విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో విద్యార్థులకు ఉచితంగా దొరుకుతుంది. ఫైనాన్స్ చదవడానికి అమెరికా వెళ్లిన మన పిల్లలు ఆ అవకాశం వదులుకోవద్దు. ముందుగా ఒక ప్రభుత్వ బాండు తెరిచి, రాబడి లెక్క చూపే వైఏఎస్ అని కొట్టి, రాబడి అంకె మార్చుతూ ధర ఎటు కదులుతుందో చూడండి. అర్థం కాకపోతే హెల్ప్ మీట రెండుసార్లు నొక్కండి. అవతల జవాబు చెప్పడానికి మనుషులుంటారు.