పట్టపగలు, హాడహగలు

మడివాళ మార్కెట్లో ఒకే సంగతి మూడు భాషల్లో వినొచ్చు. దొంగ పట్టపగలే బండి ఎత్తుకపోయాడని మనమంటే, కన్నడం వాళ్లు 'హాడహగలే' అంటారు, తమిళం వాళ్లు 'పట్టప్పగల్ల' అంటారు. ఈ కలగలుపు ఈనాటిది కాదులెండి, ఇక్కడి సోమేశ్వరాలయంలో 13వ శతాబ్దపు తమిళ శాసనాలున్నాయి.

మన పిల్లలు కొందరు తెలుగు మాట్లాడుతూనే 'హాడహగలే' అనేస్తారు. తెలుగు పాడైపోయిందని పెద్దలకు బాధ. నాకంత బాధ లేదు. అందులో ఉన్నదీ మన పగలే. పాత కన్నడంలో 'పగల్', తర్వాత మొదటి 'ప' కాస్తా 'హ' అయింది. పాలు హాలు, పులి హులి అయినట్టే.

'పట్ట' సంగతి వేరే. పట్టుతోనో పట్టంతోనో దానికి పని లేదు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి లెక్క ఇది: పగలు పగలు అని రెండుసార్లు అంటే, మొదటి దాంట్లో 'ప' నిలిచి మిగతాది పోయి, ఆ చోట 'ట్ట' వస్తుంది. నట్టనడుమ, మొట్టమొదట ఇట్లా వచ్చినవే. బట్టబయలు కూడా! దాపరికం లేదని చెప్పే రెండు మాటలూ ఒకే మూసలో పోసినవి, చూడండి.

పిల్లల్ని హాడహగలు నేర్చుకోనీండి. 'పట్ట' పోతే మాత్రం ఈ వరస మొత్తం వాళ్ల చెవికి అందదు. అందుకే మా ఇంట్లో నట్టనడుమ, బట్టబయలు కూడా పలికిస్తున్నా.